బస్తీ దవాఖానాకు కొత్తగా వచ్చిన డాక్టరుకు: రోగుల నోట మందుల మాటలు

డాక్టరమ్మా, మీ ప్రశ్న చదివాను. ఊరు విశాఖ, చదువంతా ఇంగ్లీషులో సాగింది, ఇప్పుడు హైదరాబాద్‌లో ముషీరాబాద్ వైపు బస్తీ దవాఖానాలో, అంటే బస్తీ జనం కోసం సర్కారు నడిపే చిన్న ఆసుపత్రిలో, చేరారు. "తెలుగు నా సొంత భాషే, అయినా ఇక్కడి రోగులు మందుల గురించి మాట్లాడుతుంటే సగం అందడం లేదు. తగ్గింది అంటారు, పరీక్షిస్తే తగ్గి ఉండదు. మందు పడలేదు అంటారు, ఏమైందో చెప్పరు. ఏది రాసినా పథ్యం ఏమిటని అడుగుతారు. ఏ మాటలు నేర్చుకోవాలి?" అన్నారు. నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. రాంనగర్, చిక్కడపల్లి ప్రాంతంలో మందుల షాపు కౌంటరు వెనక నిలబడే తల నెరిసింది. డాక్టరు ముందు తలూపి వచ్చిన మనిషి అసలు సంగతి మా దగ్గర విప్పుతాడు. నాకు తెలిసింది ఆ వైపు నుంచే.

మాటల అర్థాలు నెల తిరిగేసరికి వాటంతటవే వస్తాయి. పెయ్యి అంటే ఒళ్ళు, దమ్ము అంటే ఆయాసం, సర్ది అంటే జలుబు, గోలీ అంటే మాత్ర, సూది అంటే ఇంజెక్షన్. "పానం మంచిగ లేదు, పెయ్యంత గుంజుతుంది" అంటే ఒంట్లో బాగాలేదు, ఒళ్ళంతా లాగేస్తోందని. ఇవి మీ నర్సమ్మే చెప్తుంది. చిక్కు ఎక్కడంటే, మీకూ తెలిసిన మాటే వాళ్ళూ అంటారు. మీరు ఒకటి అనుకుంటారు, ఇంటికెళ్ళి వాళ్ళు ఇంకోటి చేస్తారు. అందుకని మాటకు అర్థం వెతుక్కోవడం కన్నా, ఆ మాట వినగానే ఏం అడగాలో పట్టుకోండి.

ముందు మీ మొదటి ప్రశ్నే మార్చాలి. "ఇంతకుముందు ఏమైనా మందు వాడారా?" అని అడిగితే పదిమందిలో ఎక్కువమంది లేదనే అంటారు. అబద్ధం కాదు. వాళ్ళ లెక్కలో మందు అంటే డాక్టరు చీటీ మీద రాసింది. ఇంట్లో కాచిన కషాయం చిట్కా. 1920 నుంచి ఈ ఊళ్ళోనే తయారవుతున్న జిందా తిలిస్మాత్ ఇంటి సామాను, ఉప్పు పప్పు లాంటిది: జలుబు చేస్తే ముక్కుకు, తలనొప్పి వస్తే కణతలకు, కడుపునొప్పి వస్తే వేడినీళ్ళలో రెండు చుక్కలు. చార్మినార్ దగ్గర యునానీ దవాఖానాలో ఇచ్చిన మాజూన్ అనే లేహ్యం హకీం సాబ్ ఇచ్చింది, దాన్ని మందు కింద జమకట్టరు. గల్లీ చివర ఆర్ఎంపీ వేసిన సూది అయితే "ఊకె ఒక సూది ఏయించుకున్న" అంతే. 2018లో బస్తీ దవాఖానాలు తెరిచేదాకా చాలా గల్లీల్లో మొదటి డాక్టరు ఆయనే కదా. కాబట్టి "ఇంట్లో ఏం చేశారు? ఎవరి దగ్గరికైనా పోయారా? సూది పడిందా? పొట్లంలో కట్టి ఏమైనా ఇచ్చారా?" అని విడివిడిగా అడగండి. పొట్లం సంగతి మరీ ముఖ్యం. పేరూ ఊరూ లేని పొడి, మూడు రోజుల్లో మోకాళ్ళ నొప్పులు మాయం, నెలలు గడిచేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బడం, షుగర్ పెరగడం కనిపిస్తే, అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని మాకు మొదట అనుమానం వస్తుంది. మీకూ రావాలి. దాన్ని ఒక్కసారిగా మానిపించడం కూడా ప్రమాదమని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ‘తగ్గింది’. ఇక్కడ ‘తక్కువైంది’, ‘మంచిగైంది’ అని కూడా అంటారు. పొద్దున 103 ఉన్న జ్వరం మధ్యాహ్నానికి 100కి దిగినా తగ్గినట్టే, టైఫాయిడ్ పూర్తిగా పోయినా తగ్గినట్టే. పుండు మానుతుంది, ఎముక అతుక్కుంటుంది, పెద్ద జబ్బు చేసి లేచినవాడు కోలుకుంటాడు, తేరుకుంటాడు. వీటిలో ఎంత దూరం వచ్చామో మాటలోనే తెలుస్తుంది. తగ్గడంలో తెలియదు. పైగా తగ్గిందన్న మాట నోట వచ్చిందంటే గోలీ ఆగిందనే లెక్క. తగ్గాక ఇంకా మందెందుకు అన్నది వాళ్ళ ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే.

దీనివల్ల ఎక్కువ నష్టపోయేది క్షయ రోగులు. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు సద్దుమణుగుతుంది, ఆకలి పుడుతుంది, చెంపలు కాస్త నిండుతాయి. ఇంట్లోవాళ్ళు కూడా "మంచిగైండు" అంటారు. మామూలు క్షయకు ఆరు నెలల కోర్సు, అతను రెండో నెలలో మానేస్తాడు. మళ్ళీ దగ్గు మొదలై వచ్చేసరికి పాత మందులకు లొంగని రకంగా మారి ఉండొచ్చు. క్షయ రోగుల తిండి కోసం సర్కారు నెలనెలా బ్యాంకులో వేసే నిక్షయ్ పోషణ డబ్బు ఇప్పుడు వెయ్యి రూపాయలు చేశారు, మంచిదే. కానీ డబ్బు తీసుకుంటున్న మనిషి గోలీ మింగుతున్నాడని ఏమీ లేదు. అందుకే ఏ జబ్బుకైనా "తగ్గిందా?" అని అడగొద్దు, అడిగితే అవుననే వస్తుంది. "స్ట్రిప్పు తెచ్చారా? ఎన్ని మిగిలాయి?" అనండి. లెక్క తప్పితే అక్కడే తెలిసిపోతుంది.

స్ట్రిప్పు అంటే గుర్తొచ్చింది. మా కౌంటరు మీదికి రోజూ వచ్చేది, కత్తెరతో కత్తిరించిన రెండు గోలీల ముక్క. వెండి రేకు మీద పేరులో చివరి మూడక్షరాలు, తయారీ తేదీలో సగం, వెనక ఎర్ర గీత తునక ఒకటి. "గిదే ఇయ్యి అన్నా, మా మరదలుకు దీంతోనే తక్కువైంది." ఆ ఎర్ర గీత చీటీ లేకుండా అమ్మకూడని మందుకు గుర్తు. ఆ ముక్క మరదలిది, ఆమెకు వచ్చింది మూత్రంలో ఇన్ఫెక్షన్, ఈవిడకు వచ్చింది గొంతు నొప్పి. ఇద్దరి ఇంట్లోనూ దాని పేరు జ్వరం గోలీయే. మీరు చీటీ రాసేటప్పుడు "ఇది మీ ఒక్కరికే, ఇంట్లో ఇంకెవరికీ కాదు" అని ఒక్క ముక్క అనండి. మేమూ అంటాం గానీ, డాక్టరమ్మ అన్నదానికి విలువ వేరు.

‘నయం’ తగ్గడం కన్నా పెద్ద మాట. మళ్ళీ రాదన్న భరోసా కావాలి అందులో. షుగర్ ఉన్నావిడ "నయమైతదా అమ్మా?" అని అడిగితే "కంట్రోల్‌లో ఉంటుంది" అంటారు మీరు, ఆవిడకు అది కాదన్నట్టే వినిపిస్తుంది. మెట్రో పిల్లర్ల మీద అంటించిన కాగితంలో ‘షుగర్ సమూలంగా నయం, గ్యారంటీ’ అని ఉంటుంది. షుగర్, క్యాన్సర్, మూర్ఛ, పక్షవాతం లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరమని 1954 నుంచి చట్టం ఉంది. ఆ కాగితం మీదనే ఈ సంగతి కూడా అచ్చేస్తే బాగుండు. షుగర్ విషయంలో నాకు పనికొచ్చింది, ‘మూడు నెలల టెస్టు’, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష. హెచ్‌బీఏ1సీకి జనం పెట్టుకున్న పేరు. నయమా కాదా అన్న చర్చలోకి దిగకుండా, "పోయినసారి 9 ఉంది, ఇప్పుడు 7.5 వచ్చింది, ఈ గోలీలతోనే వచ్చింది" అంటే ఎవరికైనా ఎక్కుతుంది.

‘మందు’ అన్న మాటతో మాత్రం జాగ్రత్త. ఎప్పుడైనా ఎవరినైనా మోసుకొచ్చి "మందు తాగిండు మేడం" అంటే, అది సారా కావచ్చు, పురుగుల మందు కావచ్చు. చుట్టాలు పరువు కోసం రెండోదాన్ని మొదటిదిగా చెప్పడం కూడా ఉంది. "ఏ మందు? పురుగుల మందా, గడ్డి మందా? డబ్బా ఎక్కడుంది?" అని వెంటనే అడగండి. పురుగుల మందుకు చేసే వైద్యం వేరు, కలుపు చావడానికి కొట్టే గడ్డి మందుకు వేరు. గడ్డి మందుల్లో కొన్నింటికి విరుగుడే లేదు, మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపిస్తాడు కూడా. ఎవరైనా ఇంటికెళ్ళి డబ్బా ఫోటో పంపేదాకా వదలొద్దు, మీరు మాత్రం ఆ ఫోటో కోసం ఆగకుండా పెద్ద ఆసుపత్రికి పంపించెయ్యండి.

ఇదే మాటకు ఇంకో వంక, ‘పెట్టుడు మందు’. గిట్టనివాళ్ళు అన్నంలో ఏదో కలిపి పెట్టారని నమ్మకం. నెలల తరబడి కడుపునొప్పి, తిండి సయించకపోవడం, మనిషి చిక్కిపోవడం ఉంటే ఇంట్లో మొదట వచ్చే అనుమానం ఇదే. మందు తీసేవాళ్ళు ఉంటారు, కక్కించి ఏదో నల్లటి ముద్ద చూపిస్తారు. నమ్మకం సంగతి పక్కన పెట్టండి. ఎవరైనా గొంతు తగ్గించి "ఎవరో ఏదో పెట్టిండ్రనిపిస్తుంది" అంటే, నవ్వకుండా ఆ నొప్పి ఎన్నాళ్ళ నుంచో, బరువు ఎంత తగ్గారో అడిగి ఎండోస్కోపీకి రాయండి. కడుపులో పుండో, అంతకన్నా పెద్దదో ఆ మాట వెనక దాగి ఉంటుంది. నవ్వారో, మళ్ళీ రారు.

‘గ్యాస్’ గురించి మీరు అడగలేదు, నేనే చెప్తున్నాను. మా కౌంటరు దగ్గర నేను అన్నిటికన్నా భయపడే మాట "గ్యాస్ పట్టింది, ఒక గోలీ ఇవ్వు". నూటికి తొంభై సార్లు నిజంగానే బిర్యానీ పుణ్యం. కానీ చలికాలం పొద్దున చొక్కా తడిసేలా చెమటలు పట్టి, రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని, దవడ కూడా లాగుతోందని ఒకాయన గ్యాస్ గోలీ అడిగితే, ఆ చెయ్యి చూసి చెప్పాలి. గ్యాస్ వాళ్ళు వేలితో పొట్ట పైభాగం చూపిస్తారు, ఈయన పిడికిలి రొమ్ము మధ్య ఉంటుంది. అందరూ పుస్తకంలో రాసినట్టు చూపించరు గానీ, అనుమానం వస్తే చాలు. అలాంటప్పుడు గోలీ అమ్మకుండా ఆటో పిలిచి ఈసీజీ తీసే చోటికి పంపుతాం. షుగర్ ఉన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు కొన్నిసార్లు నొప్పి అంత గట్టిగా ఉండదు, ఆయాసం, కడుపులో తిప్పినట్టు, నీరసం మాత్రమే ఉంటాయి. వాళ్ళ గ్యాస్‌ను ఇంకా అనుమానించాలి.

‘మందు పడలేదు’కు మీరు అడగాల్సింది ఇది: పెయ్యి మీద దద్దులు లేచినయా, పెదాలు, మూతి వాచిందా, ఊపిరి ఆడలేదా? వీటిలో ఒకటి అవునంటే అది అలర్జీ. ఆ మందు పేరు పెద్ద అక్షరాలతో ఓపీ చీటీ మీద రాసి వాళ్ళ చేతికివ్వండి, నోటిమాటగా చెప్తే పోతుంది. అవేవీ కాక కడుపులో మంట, తిప్పడం, నోరు చేదు అయితే మందు మార్చాల్సిన పని లేకపోవచ్చు. షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ మొదట్లో ఎంతమందికి కడుపు తిప్పుతుందో మీకు తెలుసు. అన్నంతో వేసుకోమంటే చాలామందికి సర్దుకుంటుంది. చెప్పకపోతే ‘పడలేదు’ అన్న ముద్ర పడిపోతుంది, ఇక జన్మలో ముట్టరు.

దీనికి చెల్లెలు ‘వేడి చేసింది’. పాతబస్తీ వైపు ‘గర్మీ అయింది’. నోరు పూసినా వేడే, కళ్ళు మండినా వేడే, మూత్రం మంటగా వచ్చినా వేడే. చివరిది చాలాసార్లు ఇన్ఫెక్షన్, దానికి మజ్జిగ, సబ్జాగింజలు తాగుతూ వారాలు గడిపేస్తారు. తాగనివ్వండి, నష్టం లేదు, మూత్రం పరీక్ష మాత్రం రాయండి. కడుపుతో ఉన్నవాళ్ళ దగ్గర ఈ మాట మరీ వినిపిస్తుంది. ఐరన్ గోలీలు వేడి చేస్తాయని, బిడ్డ నల్లగా పుడుతుందని అత్తగార్లు మాన్పిస్తారు. దొడ్డికి నల్లగా రావడం చూసి ఆ భయం గట్టిపడుతుంది. "నల్లగా వస్తుంది, అది ఇనుము రంగు, బిడ్డ రంగుకు సంబంధం లేదు" అని మొదటి రోజే, వీలైతే అత్తగారు వింటుండగా చెప్పెయ్యండి.

పథ్యం గురించి మీకు విసుగు వచ్చినట్టుంది. రావొద్దు. ఇక్కడ ‘పత్తెం’ అంటారు. పథ్యం లేని మందు మీద గౌరవం తక్కువ, "ఏదైనా తినొచ్చు" అని మీరంటే ఈ డాక్టరు సరిగ్గా చూడలేదనుకుంటారు. మరి నిజమైన పథ్యాలు మన మందులకూ ఉన్నాయి కదా, అవే చెప్పండి. థైరాయిడ్ గోలీ పరగడుపున నీళ్ళతోనే, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఇరానీ చాయ్ కూడా వద్దు. ఐరన్ గోలీకీ చాయ్‌కీ పడదు. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్ళూ సారా ముట్టొద్దు. ఇలా ఒక్కటి గట్టిగా చెప్తే వంకాయ, గోంగూర గురించి ఇంకెవరూ అడగరు. ప్రమాదం ఉన్నది పచ్చకామెర్ల పథ్యంతో, బాలింత పథ్యంతో. కామెర్లకు ఉప్పు, నూనె, పసుపు అన్నీ మాన్పించి చప్పిడి తిండితో వారాలు పడుకోబెడతారు. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. తగ్గనివాళ్ళు మీ దగ్గరికి వస్తారు. పసరు తాగారా, ముక్కులో పోశారా, వాత పెట్టించారా అని అడిగి తెలుసుకోండి. కడుపుతో ఉన్నావిడకు కామెర్లు వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా పెద్ద ఆసుపత్రికి పంపాలి. బాలింతకు నీళ్ళు తగ్గించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, దాహం వేసినన్ని తాగమని చెప్పండి, చాలు.

నాటు వైద్యంలో రెండింటికే నేను గట్టిగా అడ్డుపడతాను. "కాలు చెయ్యి పడిపోయింది, పసరు తాగించడానికి తీస్కపోతున్నం" అంటే, నాలుగున్నర గంటల లోపు ఆసుపత్రి చేరితే గడ్డ కరిగించే సూది ఉందని, ఆ సమయం మళ్ళీ రాదని చెప్తాను. రెండోది, విరిగిన ఎముకకు, దుకాణం బోర్డు పెట్టుకుని కట్టే పుత్తూరు కట్టు వేయించుకున్నాక వేళ్ళు నల్లబడటం, మొద్దుబారడం. ఆ కట్టు ఎవరు కట్టినా సరే, వెంటనే విప్పించాల్సిందే. మిగతావాటికి అంత పట్టింపు లేదు. తాయెత్తు, దిష్టి, దర్గాలో ఊదించడం, స్వస్థత ప్రార్థన, అన్నీ గోలీతో పాటు నడుస్తాయి. ఒంటి మీద పొక్కులు లేచి "అమ్మ పోసింది" అన్న ఇంట్లో రోగం అన్న మాటే ఎత్తకండి, నొచ్చుకుంటారు. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగండి, పిల్లవాడికి ఆస్పిరిన్ వేయొద్దనండి.

జూన్‌లో మృగశిర కార్తె వచ్చేసరికి మీకు ఇంకో మాట వినిపిస్తుంది, ‘చేప మందు’. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం ఉబ్బసానికి ఇచ్చేది, కొరమీను పిల్ల నోట్లో పసుపు పచ్చ ముద్ద పెట్టి బతికుండగానే మింగిస్తారు. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెప్తుంది. ఇందులో శాస్త్రం ఏముందని, సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్ళు నిలదీశారు, కోర్టుల దాకా వెళ్ళింది. ఆ గొడవల మధ్య ‘చేప మందు’ కాస్తా ‘చేప ప్రసాదం’ అయింది. మందంటే పరీక్ష పెట్టొచ్చు, ప్రసాదానికి ఏం పెడతారు! మీకు కావాల్సింది ఒక్కటే, చేప మింగిన తర్వాత పంపు ఆపారా అన్నది. ఇన్‌హేలర్‌ను పంపు అంటారు. చేప వద్దని వాదిస్తే చేపా మానరు, మీ దగ్గరికీ రారు. "చేప మీ ఇష్టం, పంపు మాత్రం ఆపొద్దు" అనండి.

ఆసుపత్రి పేర్లు కూడా ఇక్కడ మాటలే. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి కాగితాల మీద సర్ రొనాల్డ్ రాస్ పేరుంది, మలేరియా గుట్టు దోమలో ఉందని 1897లో సికింద్రాబాద్‌లో కనిపెట్టినాయన. జనానికి అది ‘కోరంటి దవాఖాన’, క్వారంటైన్ నోట నలిగి అలా అయింది. కోరంటికి రాశారంటే అంటురోగమని ఇల్లంతా హడలిపోతారు, ఎందుకు పంపుతున్నారో ముందే చెప్పండి. ఎర్రగడ్డ ఇంకా తంటా. అక్కడ మానసిక వైద్యశాలా ఉంది, ఛాతీ ఆసుపత్రీ ఉంది. దగ్గుతో వచ్చినాయనతో "ఎర్రగడ్డకు వెళ్ళండి" అంటే తిట్టారనుకుంటాడు. ‘ఛాతీ దవాఖాన’ అని పూర్తిగా పలకండి.

గ్లూకోజు ఎక్కించమని అడిగేవాళ్ళు రోజూ వస్తారు. అరలీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, ఆరు చెంచాలు. ఈ లెక్క చెప్తే కొందరు నవ్వి వెళ్ళిపోతారు, కొందరు పక్క గల్లీకి వెళ్ళి ఎక్కించుకుంటారు. విరేచనాలకు ఓఆర్‌ఎస్ రాసేటప్పుడు ‘లీటరు నీళ్ళలో కలిపే ప్యాకెట్’ అని కూడా రాయండి. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాల మీద ఆ మూడక్షరాలు ఉండేవి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అయినా అలవాటుపడ్డ జనం ఇంకా డబ్బానే అడుగుతారు.

చివరగా మోతాదు మాటలు. ‘రోజుకు రెండుసార్లు’ అనకండి, పొద్దున ఎనిమిదికి ఒకటి, పదింటికి ఒకటి వేసుకుని పని అయిపోయిందనుకున్నవాళ్ళున్నారు. "పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి" అనండి, ఇక్కడ మాపు అంటే రాత్రి. ‘అన్నం తిన్నాక మూడు పూటలు’ అని రాస్తే రెండు పూటలే తినే మనిషికి రెండే పడతాయి, అడిగి రాయండి. పిల్లల జ్వరం మందు విషయంలో మరీ జాగ్రత్త. పారాసెటమాల్ చుక్కల మందులో సాధారణంగా ఒక్క ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములుంటాయి, సిరప్‌లో అయిదు ఎంఎల్‌కు 125 గానీ 250 గానీ. ఇంట్లో రెండిటినీ జ్వరం మందనే అంటారు. మీరు సిరప్ అనుకుని అయిదు ఎంఎల్ చెప్తే, వాళ్ళు చుక్కల సీసాలోంచి అయిదు ఎంఎల్ పోస్తే, పసిబిడ్డ కడుపులోకి 500 మిల్లీగ్రాములు వెళ్తాయి. బరువు తూచి లెక్క వేశాక ఎంఎల్ ఒక్కటే రాయకుండా, చుక్కలా సిరప్పా, ఎంత పవరు అన్నది చీటీలో రాయండి. ఇంట్లో సీసా ఉందంటే తెమ్మని చూసి, మూత మీద గీత దగ్గర మీ పెన్నుతో గుర్తు పెట్టి ఇవ్వండి.